ఆఖరి మ్యాచ్‌కి గుండు

“ఏంట్రా ఆ గుండు?”

గరాజ్ తలుపు తీసుకుని లోపలికొచ్చిన కొడుకుని చూసి అనురాధ చేతిలోని గరిటె సింక్‌లో పడేసింది. పొద్దున బయటికి వెళ్ళేటప్పుడు అద్వైత్‌కి చెవులు కప్పేసేంత జుట్టుంది. ఇప్పుడు తల నున్నగా మెరుస్తోంది. అంతకన్నా ఘోరం, సీజనంతా ముచ్చటపడి పెంచుకున్న మీసం కూడా లేదు.

“టీమ్ అందరు చేస్కున్నాం అమ్మా. ఫర్ లక్,” అన్నాడు అద్వైత్ బూట్ల వంక చూస్తూ.

“లక్కు కోసం మీసం కూడా తీయించుకుంటార్రా ఎవరైనా? ఇంట్లో మీ నాన్న ఉండగా...” మిగతా మాట నోటిదాకా వచ్చింది గానీ మింగేసింది. పక్క గదిలోనే కృష్ణమోహన్ పడుకుని ఉన్నాడు.

జబ్బు బయటపడ్డ రోజునే ఆయన డాక్టరుతో తేల్చి చెప్పేశాడు, మంచైనా చెడైనా మా ఆవిడకి చెప్పండి, నాకేం చెప్పొద్దని. మొన్న డాక్టరమ్మ అనురాధకే ఫోన్ చేసింది. మందులు పనిచేయడం లేదట. ఇక చేయగలిగిందేమీ లేదట. ఆ సంగతి తల్లికీ కొడుక్కీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఆయన ముందు ఇద్దరూ నవ్వు మొహాలు తగిలించుకుని తిరుగుతున్నారు. ఇప్పుడీ గుండు ఆయన కంటపడితే ఇంక దాచడానికేముంటుంది?

“అది తండ్రి పోతే చేయించుకునేది రా,” అంది గొంతు తగ్గించి. “మీసంతో సహా తీసేది దానికే.”

“అమ్మా, ప్లీజ్. లెట్ ఇట్ గో.” అద్వైత్ కళ్ళు ఎర్రబడ్డాయి.

అమెరికాలో, ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో పుట్టి పెరిగిన పిల్లాడు, వీడికేం తెలుసు ఇవన్నీ అనుకుంది. అనుకున్నా మనసు ఒప్పుకోలేదు.

“పోనీ టోపీ పెట్టుకుని ఆడు.”

“టోపీతో రెఫరీ ఆడనివ్వడు అమ్మా,” అంటూ బ్యాగ్ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది మొగుణ్ణి ఆపడం. “బయట చలి చంపేస్తోందండీ. ఇవాళ ఇంట్లోనే ఉందామా?” అంది వీలైనంత మామూలుగా.

“సీజనంతా సోఫాలో పడుకుని ఫోన్‌లోనే చూశాను కదా. ఆఖరిదైనా కళ్ళారా చూడనీ,” అన్నాడు కృష్ణమోహన్. అప్పటికే స్వెటర్ తొడుక్కుని తయారుగా ఉన్నాడు.

ఇండోర్ సాకర్ అంటే ఐస్ హాకీ ఆడే హాల్లోనే ఫుట్‌బాల్. మంచు మీద ఆకుపచ్చ కార్పెట్ పరిచి, చుట్టూ అద్దాల గోడ కట్టి ఆడించేస్తారు. బంతి గోడకి తగిలి వెనక్కి వస్తే అదీ ఆటే. ఇవాళ నెగ్గితే ప్లేఆఫ్స్, లేకపోతే బ్యాగులు సర్దుకోవడమే. జనం గొంతులు చించుకుంటున్నారు. అనురాధ వీల్‌చైర్‌ని అద్దం పక్కకి తోసుకొచ్చి, భర్త కాళ్ళమీద శాలువా కప్పింది.

లైట్లు ఆర్పారు. పొగ వదిలారు. ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంటే ఆటగాళ్ళు పరుగెత్తుకుంటూ వస్తున్నారు. ముందొచ్చిన గోల్‌కీపర్‌కి వీపు మీదికి జారే జుట్టుంది. వెనకాల వాడికి ఉంగరాల జుట్టు. ఆ తర్వాత వాడికి ఇంత గడ్డం. ఒక్కడికీ గుండు లేదు.

‘అందరూ చేయించుకున్నాం’ అన్నది పచ్చి అబద్ధం.

చివరికి అద్వైత్ వచ్చాడు. లైటు సూటిగా వాడి గుండు మీదే పడింది. వీడు తండ్రి మీద ఆశ వదిలేసుకున్నాడు, ఉన్న మనిషికి ముందే కర్మ చేసేశాడు అనిపించింది అనురాధకి. కోపం, దాని వెంటే ఏడుపు తన్నుకొచ్చాయి. భయంభయంగా భర్త మొహంలోకి చూసింది.

కృష్ణమోహన్ కళ్ళజోడు తీసి, శాలువా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

వీళ్ళ టీమ్ గోల్ కొట్టినప్పుడు హాలంతా లేచి నిలబడి కేకలు పెట్టింది. ఆయన మాత్రం అవతల బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగుతున్న అద్వైత్‌నే చూస్తున్నాడు. బంతి ఎటు పోతోందో ఆయనకి పట్టినట్టే లేదు.

“ఇంటికి పోదామాండీ?” అని మధ్యలో అడిగింది అనురాధ.

“ఉండు, చూస్తున్నాగా,” అన్నాడు.

చివరి హారన్ మోగింది. ఓడిపోయారు. సీజన్ అయిపోయింది. గోల్‌కీపర్ కార్పెట్ మీద బోర్లా పడుకుండిపోయాడు. మిగతావాళ్ళు ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు చేతులు వేసుకుని నిలబడ్డారు. అద్వైత్ మాత్రం ఎవరి దగ్గరికీ వెళ్ళకుండా, తిన్నగా అద్దం దగ్గరికి వచ్చి తల వంచి నుదురు దానికి ఆనించాడు. వాడి భుజాలు కదులుతున్నాయి.

కృష్ణమోహన్ రెయిలింగ్ పట్టుకుని లేచాడు. అద్దం మీద, సరిగ్గా కొడుకు తల ఉన్నచోట, అరచెయ్యి పెట్టి నెమ్మదిగా నిమిరాడు.

అనురాధ ఇంక ఉగ్గబట్టుకోలేకపోయింది. “ఏమండీ, మీరు మనసులో ఏమీ పెట్టుకోకండి. వాడు తెలియక చేశాడు. మన పద్ధతులు వాడికేం తెలుసు చెప్పండి? ఇంటికి రానివ్వండి, నేను వాణ్ణి...”

“తిట్టకు, అనూ,” అన్నాడు కృష్ణమోహన్ అద్దం మీంచి చెయ్యి తీయకుండా. “నేను పోయాక వాడెలా ఉంటాడో చూసుకోవాలనిపించి, నేనే చేయించుకోమన్నాను.”