మెడ కింద వేలిగుర్తు

"శుక్రవారం మనం మ్యూజియంకి వెళ్తున్నాం లీలా."

ఆసుపత్రి వరండాలోకి వస్తూనే చెప్పాడు ప్రసాద్ బాబు. "ఇంకా తెరవలేదు. లైట్లు బిగించింది మా కంపెనీయే కదా, మనకి ముందే చూపిస్తారట."

థర్మామీటరు విదిలిస్తున్న లీలాకుమారి గిరుక్కున మొగుడి వైపు తిరిగింది.

బి.ఎ.లో చరిత్ర చదివి, ఇంట్లోవాళ్ళ మాట మీద నర్సింగులో చేరిన పిల్ల. పెళ్ళయి, డెబ్బై ఏడు వేసవిలో నరసాపురం నుంచి మస్కట్ వచ్చినప్పుడు, పెట్టెలో చీరలకంటే చరిత్ర పుస్తకాలే బరువు.

"నీలం చీర కట్టుకోనా, గులాబీదా?"

"అక్కడ చూసేది నిన్ను కాదు, పాత సామాన్లని."

"మీరు చూడరేమిటండీ?"

"నేను రోజూ చూస్తున్నాగా. సామాన్లని."

ఆ నవ్వుతోనే వార్డులోకి వచ్చింది.

"బిడ్డా," పిలిచాడు మూలమంచం మీది పోచన్న. "గా కుండ పలిగిందా?"

చేరినప్పటినుంచీ అదే ప్రశ్న. అమెరాత్ సైట్‌లో కందకం తవ్వుతుంటే గట్టు విరిగి అతని మీద పడింది. పక్కటెముకలు నుజ్జయ్యాయి. అతన్ని తెచ్చి పడేసిన మేస్త్రీ యాకూబ్ హైదరాబాదువాడు. విసుక్కుంటూ చెప్పి వెళ్ళాడు.

"ఏదో పాత కుండ సిస్టర్. మట్టి జారుతున్నది, పైకి రారా అంటే వినలే. దాన్ని పట్టుకొని కూసున్నడు. దిమాగ్ ఖరాబ్."

వార్డంతా అది చెప్పుకుని నవ్వింది.

"కుండ కోసం ఎవరైనా ప్రాణం మీదికి తెచ్చుకుంటారా పెద్దాయనా?" దిండు సర్దుతూ అంది లీల.

"నన్ను ఎత్తుకొచ్చేటప్పుడు ఎవల చేతిల పెట్టిన్నో యాదికి లేదు. పలిగిందా లేదా, గదొక్కటి అడుగు బిడ్డా."

"కొత్తది కొనిపెడతాలే. మత్రా బజారులో అల్యూమినియం గిన్నెలు బోలెడు."

"గిన్నె కాదు బిడ్డా. దాని మెడ కింద బొటనేలు గుర్తున్నది. చేసినోని ఏలు. నా ఏలు పెట్టి సూసిన, సక్కగ కూసున్నది."

"సరే, అడుగుతాను. మందేసుకో," అంది, అప్పటికే పక్క మంచం వైపు నడుస్తూ.

అడగలేదు. గులాబీ చీరకి జాకెట్టు ఇస్త్రీ చెయ్యాలి. వెళ్ళేలోపు ఈ దేశం గురించి పుస్తకంలో ఉన్న నాలుగు పేజీలూ మళ్ళీ చదవాలి.

గురువారం మధ్యాహ్నం పోచన్నకి మాట రాలేదు. రొప్పుతూ కళ్ళతోనే అడిగాడు.

"యాకూబ్ కనబడితే కనుక్కుంటాలే," అంది.

సాయంత్రానికి మూలమంచం ఖాళీ అయింది. ఆ దుప్పటి తనే మడిచింది.

తెల్లవారాక ఆమె ముఖం చూసి, "మానేద్దామా?" అన్నాడు ప్రసాద్ బాబు.

మానొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. నీలం చీర కట్టుకుంది.

మ్యూజియంలో వెండి పిడిబాకులు, రాగి కత్తులు, పూసల దండలు. చూస్తూ చూస్తూ మనసు తేలికపడింది. ఒక్కో అద్దం దగ్గరా మొగుణ్ణి ఆపి కథలు చెప్పసాగింది. అతను బుద్ధిగా ఊకొట్టాడు.

చివరి గదిలో మూత పెట్టని అద్దాల పెట్టె ఉంది. లోపల చిన్న ఎర్రమట్టి కుండ. ఒక్క బీట లేదు.

మెడ కింద బొటనవేలి గుర్తు.

లీల పెట్టె మీదికి వంగింది.

"వేల ఏళ్ళనాటిది," దగ్గరుండి చూపిస్తున్న ఖమరుద్దీన్ హిందీలో చెప్పాడు. "మా దగ్గరున్న కుండల్లో పగలకుండా వచ్చింది ఇదొక్కటే. మీద మట్టి పడుతున్నా ఒక కూలీ దీన్ని కడుపులో దాచుకున్నాడు. అతని రూమువాళ్ళు దుప్పట్లో చుట్టి తెచ్చారు. ఊళ్ళో వాళ్ళది తరతరాలుగా కుండలు చేసే ఇల్లట."

"మరి మూత పెట్టలేదేం?" అడిగాడు ప్రసాద్ బాబు.

"ముందు అతను చూడాలన్నారు మా పెద్దసారు. రేపు పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్ళి ఒక్కసారి అతని చేతుల్లో పెట్టి, ఆ తర్వాతే మూతేసి తాళం వేస్తాం."