రెండు కుప్పల పరీక్ష

గంగారాం తన అన్నను కాటికి మోసిన రోజే ఆశా వర్కర్ కృప అతని చేతిలో ఒక చీటీ పెట్టింది. అన్నను తిన్నది టీబీ. ఆ ఇంటి కప్పు కింద ఉన్నవాళ్లంతా ఛాతీ ఫొటో తీయించుకోవాలి.

దినాలైన మర్నాడు ఆర్మూర్ మార్కెట్ యార్డులో ఎక్స్-రే క్యాంపు పెట్టారు. రేకుల షెడ్డు కింద రైతులూ హమాలీలూ మాస్కులు కట్టుకుని వరుసలో నిలబడ్డారు. గంగారాం మాత్రం తన పసుపు కుప్ప దగ్గర నుంచి కదల్లేదు.

"పో, ఫొటో దిగి రా," అంది భార్య అంజవ్వ. "నెల సంది దగ్గుతున్నవ్."

"పసుపు దుమ్ముకు ఎవడు దగ్గడే? గా ఫొటోల డబ్బా జూసినవా? సంకల పెట్టుకునేటంత ఉన్నది. డాక్టరు లేడు, ఎవడు లేడు. ఒక్క పిల్ల ఉన్నది."

"రోగం ఉన్నదా లేదా కంప్యూటరే చెప్తదట."

"అన్నకు డాక్టర్లే మూడు నెల్లు నిమోనియా అన్నరు. గీ డబ్బాకు పది సెకండ్లల్ల ఎర్కైతదా?"

గంగారాం లేచి షెడ్డు దాకా వెళ్లాడు. మిషను పట్టుకున్న టెక్నీషియన్ పిల్ల మేఘనను ఎగాదిగా చూశాడు.

"గిది రోగం ఎట్ల గుర్తువడ్తది బిడ్డా?"

"లక్షల ఫొటోలు చూపించి నేర్పిండ్రు కాకా. అనుమానం ఎంతున్నదో నూటికి ఇంత అని చెప్తది. తర్వాత నిజామాబాద్‌ల డాక్టర్ గూడ చూస్తడు."

"గా లక్షల మందిల మా ఆర్మూరోళ్లు ఉన్నరా?"

"ఎర్క లేదు కాకా."

గంగారాం తల అడ్డంగా ఊపుతూ వెనక్కి వచ్చాడు.

పసుపు కొనడానికి వచ్చిన కొత్త ఖరీదుదారును అతను ఏనాడూ ఊరికే నమ్మలేదు. మంచిదని తనకు తెలిసిన పసుపునే రెండు కుప్పలుగా పోసి, వేర్వేరు రైతులవని రెండు పేర్లు చెప్పేవాడు. రెండింటికీ ఒకే ధర పలికితే మనిషి నికార్సు. తేడా వస్తే దొంగ. ఈ డబ్బాకూ అదే పరీక్ష పెట్టాలనుకున్నాడు. పక్క కుప్ప దగ్గర బస్తాలు కుడుతున్న బావమరిది భీమ్‌రావును చాటుకు పిలిచాడు.

"ఒకపారి నీ పేరు మీద దిగు. ఇంకోపారి నా చీటీ వట్టుకొని నా పేరు మీద దిగు."

"నీ రోగం నాకు అంటగడ్తవా ఏంది బావా?"

"ఎద్దు లెక్కున్నవ్, నీకేం రోగం రా? గందుకే నిన్ను వట్టుకున్న."

మొదటిసారి సాఫీగా గడిచింది. రెండోసారి భీమ్‌రావు గంగారాం అంగీ తొడుక్కుని, మాస్కు కళ్ల దాకా లాక్కుని వెళ్లాడు. మేఘన చీటీ చూసి, మనిషిని చూసింది.

"మీరు ఇందాక దిగిండ్రు కదా?"

"గాడు నా బావమరిది."

"బావమరిదికి బావ పోలికలు వస్తయా?"

"ఒక్క బాయి నీళ్లు తాగినం బిడ్డా."

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేఘనకు నమ్మకం కుదరలేదు గానీ వెనక ఇంకా ముప్పై మంది ఉన్నారని ఫొటో తీసేసింది. గంగారాం స్తంభం చాటునే కాచుకున్నాడు.

భీమ్‌రావు తెచ్చిన రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. భీమ్‌రావు: నూటికి నాలుగు. గంగారాం: నూటికి నాలుగు. ఒక్క అంకె అటూ ఇటూ కాలేదు.

"నికార్సు!" అన్నాడు గంగారాం. పదమూడు రోజులుగా బిగుసుకుని ఉన్న అతని ముఖం వదులైంది.

ఆ తర్వాత అతన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. కుప్ప కుప్పకూ తిరిగాడు. "నేను పరీక్ష వెట్టి చూసిన, పోండ్రి!" అని కసిరాడు. నామోషీ పడుతున్న హమాలీ గంగాధర్‌ను రెక్క పట్టి లాక్కెళ్లాడు. యార్డు ఊడ్చే పనుందని తప్పించుకోబోయిన సీతాబాయి చీపురు లాక్కున్నాడు. అంజవ్వను అందరికంటే ముందు నిలబెట్టాడు. "గిది ముందుగాల్నే వస్తే మా అన్న బతుకుతుండె," అని ఒక్కసారే అన్నాడు.

పొద్దు వాలేసరికి యార్డులో పిలవడానికి మనిషి మిగల్లేదు. మేఘన మిషనును పెట్టెలో సర్దుకుంది.

"నీ పుణ్యాన ఎనభై మంది దిగిండ్రు కాకా. రేపు పోచంపాడ్ పోతున్నం."

బండి గేటు దాటింది. అంజవ్వ భర్త పేరున్న కాగితాన్ని కళ్లకద్దుకుని కొంగున ముడి వేసుకుంది.

"సాఫే ఉన్నదట! ఉత్తగనే ఫికర్ వెట్టుకున్న."

"డబ్బా అబద్ధం చెప్పదే," అన్నాడు గంగారాం. మాట పూర్తి కాకముందే దగ్గు తెర వచ్చింది. వంగి, కుప్ప మీద చెయ్యి ఆనించి, అది తగ్గేదాకా ఆగాడు. "పసుపు దుమ్ము," అన్నాడు నవ్వుతూ.

గంగారాం ఛాతీని ఆ డబ్బా ఇంకా చూడనే లేదు.