వకుళ మారుగొంతు

ప్రతి వంటింటి గోడకీ మారుగొంతు పెట్టె వచ్చాక వకుళకు సాయంత్రం పూట ఒక గంట దొరికింది. హాల్లోంచి ఎవరు కేకేసినా పెట్టె అచ్చం ఆమె గొంతుతోనే బదులు పలికేది. ఆమె మాత్రం మేడమీద నీళ్ల ట్యాంకు చాటున కూర్చుని కథ రాసుకునేది.

“నా కళ్లజోడేదీ?” అని భర్త అడిగితే, “ఫ్రిజ్ మీద చూడండి” అనేది పెట్టె.

ఆరోజు కథ పూర్తిచేసి దిగేసరికి, అత్తగారు సుభద్రమ్మ పెట్టె ముందు పీట వేసుకుని కూర్చుంది.

“ఇది నువ్వు కాదని మొదటిరోజే తెలిసిందే. చారులో ఉప్పు తక్కువైందంటే ‘సరే అత్తయ్యా’ అంది. నువ్వెప్పుడైనా అన్నావా ఆ మాట?”

వకుళ కాగితాలు వెనక్కి దాచుకుంది. “మీ అబ్బాయికి చెప్పారా?”

“ఎందుకు చెప్తాను? వంటిల్లు నిశ్శబ్దంగా ఉంటే వాడికి అనుమానం రాదూ? అందుకే రోజూ గంటసేపు దీన్ని పట్టుకుని సాధిస్తున్నాను. ఎంత తిట్టినా ఎదురుచెప్పదు, నోరు నొప్పెడుతోంది. ఆ కథ చదువు, విందాం.”

వకుళ చదివింది.

“చివర్న సాగదీశావ్” అంది అత్తగారు.

“ఏం కాదు, అంత ఉండాల్సిందే!”

“హమ్మయ్య,” అంటూ సుభద్రమ్మ హాయిగా నవ్వింది, “వచ్చావా తల్లీ!”