తవుడు సంచి

“ఇది గాదన్నా. ఊచల సందులో నా పిడికిలి దూరతా ఉంది. ఇంకోటి చూపించు” అనింది వినోదిని.

వేల్మురుగన్‌కి ఒళ్లు మండింది. ధర్మపురి బస్టాండు పక్కన ఈ బిడ్డల మంచాల అంగట్లోకి వచ్చినప్పట్నుంచీ ఇదే వరస. ఒకటేమో ఎత్తెక్కువంట. ఒకటి రంగు వాసన కొడతా ఉందంట. ఇంకోదానికి చక్రాలుండాయి, జారిపోతుందంట. కట్టుకున్న పెళ్లామే అయినా ఇంత నసుగు ఎవుడు భరిస్తాడు?

“ఏమ్మే, దాంట్లో పండుకునేది బిడ్డా, కలెక్టరా?”

“బిడ్డ కాబట్టే మామా చూస్తా ఉండేది. కలెక్టరయితే ఆయనే చూసుకుంటాడు.”

అంతదాకా అరవంలో మాట్లాడతా ఉన్న అంగడాయన లోకనాథన్ శెట్టి, వీళ్ల మాట విని తెలుగులోకి దిగినాడు. “అట్లనా, మనోళ్లేనా! ముందే నోరు విప్పకూడదా? ఇటు రామ్మా. ఇది చూడు. దూదికన్నా మెత్తటి పరుపు. నాలుగు తట్లా నాలుగు దిండ్లు. మహారాజు మాదిరి నిద్రపోతాడు.”

వినోదిని దిండ్లన్నీ తీసి అవతల పెట్టింది. కమ్మీల మీదుగా వంగి, పరుపులో మొహం బోర్లా ఆనించింది. అట్నే ఉండిపోయింది. అంగట్లో ఉండేవాళ్లు పని మానుకొని చూస్తా ఉన్నారు. వేల్మురుగన్ పోయి భుజం పట్టి లేపినాడు.

“మొహం దిగబడిపోతా ఉంది. ఊపిరాడలే” అనింది రొప్పతా. “గట్టి పరుపు ఇయ్యన్నా. దిండు అసలే వద్దు.”

వేల్మురుగన్ ఆ దిండ్లను ఇంకా అవతలికి నెట్టినాడు. వాళ్ల పెద్దోడు తొప్పూరులో, బిల్డింగు పనికాడ కట్టిన చీర ఉయ్యాల్లో నిద్రపోయి లేయలేదు. రెండోది ఆడబిడ్డ. ఉయ్యాలే వద్దని చాపమీద ఇద్దరి మధ్యలో పండేసుకున్నారు. తెల్లారి చూస్తే అదీ లేయలేదు. ఎవురు దానిమీదికి పొర్లినారో ఏమో, ఆ మాట మొగుడు పెళ్లాన్ని అడగలేదు, పెళ్లాం మొగుణ్ణీ అడగలేదు.

శెట్టి చూపు వేల్మురుగన్ చంకలో ఉన్న గుడ్డసంచి మీద పడింది. “ఏమప్పా, అంగడంతా తవుడు రాలస్తా ఉండావు. ఇంట్లో బర్రె ఉందా?”

“బర్రె లేదు శెట్టియారే, బిడ్డ ఉండాడు.” ఆ పొద్దుకు మొదటిసారి నవ్వినాడు వేల్మురుగన్. “ముందు ఇద్దరు నిలవలే. అందుకని మూడోవాణ్ణి పుట్టంగానే చేటలో పెట్టి, ఇండూరు మునియక్కకు తవుడుకు అమ్మేసినాం. ఐదుగుర్ని కని, ఐదుగుర్నీ నిలబెట్టుకున్న చెయ్యి ఆమెది. పళ్లొచ్చేదాకా బిడ్డ ఆమెదే, ఆ ఇంట్లోనే పెరగాల. వచ్చినంక తల్లి పోయి తవుడిచ్చి కొనుక్కోవాల. మాలో అట్లే.”

“మా అవ్వ చెప్తా ఉండేది. ఇంకా చేస్తా ఉండారా! వచ్చినాయా మరి పళ్లు?”

“కిందవి రెండూ తెల్లగా కనపడతా ఉండాయి. ఈపొద్దే పోయి తెచ్చుకునేది. యువనేశ్ అని పేరు కూడా అనుకున్నాం. ఇంకా పిలవలేదు. అమ్మిన బిడ్డను పేరు పెట్టి పిలవకూడదు గదా.”

“తల్లి ఎట్ల తట్టుకునిందయ్యా ఇన్నాళ్లు?”

“బస్సెక్కి పోయి పాలిచ్చి వస్తాది. ఇంటికొచ్చి గోడతట్టు తిరిగి పండుకుంటాది. అంతే.”

మాటల్లో ఉండంగానే వినోదిని ఒక మూల ఆగిపోయింది. అక్కడ ఎవురూ కొనక దుమ్ముపట్టిన మంచం ఒకటుంది. బొమ్మల్లేవు, జాలర్లు లేవు. ఊచల మధ్య పిడికిలి పెట్టి చూసింది, దూరలేదు. రెండు చేతుల్తో పట్టి ఊపింది, కిర్రుమనలేదు. పరుపులో మొహం పెట్టి ఊపిరి తీసింది. తలెత్తినప్పుడు ఆమె బుగ్గమీద పరుపు గుడ్డ అచ్చు పడి ఉంది.

“ఇది” అనింది. “అన్నా, వాడు లేచి నిలబడే కాలానికి దీంట్లోనించి కింద పడడు గదా?”

“పరుపు కింద ఉండే పలకను దించుకుంటే పడడమ్మా. నడిచి పరిగెత్తేదాకా దిగుల్లేదు.”

“బీరువా అవతలికి జరిపితే ఇంట్లో పడుతుంది” అన్నాడు వేల్మురుగన్. “మనమిద్దరం వాకిట్లో పండుకుంటే సరి.”

వినోదిని నవ్వలేదు.

“లోడు ఆటోలో ఎక్కిస్తాను. ఎక్కడికి పంపేది?” అన్నాడు శెట్టి.

వేల్మురుగన్ నోరు తెరిచే లోపలే, “ఇండూరు. మునియక్క ఇల్లు” అనింది వినోదిని.

“అద్దో తెలివి!” అని మెచ్చుకున్నాడు వేల్మురుగన్. “వాణ్ణీ మంచాన్నీ అదే ఆటోలో ఇంటికి తెచ్చుకోవచ్చు.”

తాళ్లతో బిగించిన మంచాన్ని వేసుకొని ఆటో మలుపు తిరిగిపోయింది. కనపడినంత సేపూ వినోదిని దాన్నే చూస్తా నిలబడింది.

“రా మే, బస్సు పట్టాల. మనకన్నా ముందు మంచం పోయి కూసుంటాది ఆడ.”

ఆమె ఆయన చంకలోనించి తవుడు సంచి తీసుకునింది. తల్లి చేత్తోనే ఇయ్యాల గదా అని ఇచ్చేసినాడు. అంగడి ముందర ఒక ఆవు అట్టపెట్టె నమలతా నిలబడి ఉంది. వినోదిని దాని ముందుకు పోయి, సంచి తిరగేసి, ఉన్న తవుడంతా కింద పోసేసింది.

“ఏయ్! పిచ్చి పట్టిందా నీకు? ఇంక వాణ్ణి దేంతో కొనేది?”

ఆవు తల దించింది. వినోదిని ఖాళీ సంచి దులిపి, మడత పెట్టి, ఆయన చేతికిచ్చింది.

“కొనేది లేదు మామా. వాడు నీ చేతిలోనే నిలవనీ అని మునియక్కతో మొన్ననే చెప్పేసినా. నువ్వొక్కడివే పోయి మంచం బిగించి రా. నేనొస్తే వాణ్ణి ఎత్తుకొచ్చేస్తాను.”