సగం స్పాంజి

ఒక గాజుతొట్టిలో కాటుక అనే నల్లచేప ఉండేది. అదే తొట్టిలో ఓ మూల కూర్చుని నీళ్లు వడకట్టే స్పాంజి అంటే దానికి బొత్తిగా గిట్టేది కాదు. "ఒళ్లంతా మురికే" అని మొహం తిప్పుకునేది.

కాటుకది గుడ్లు పెట్టకుండా పిల్లల్నే కనే జాతి. అది కడుపుతో ఉందని ఇంటావిడ దాన్ని కొత్త తొట్టిలోకి మార్చింది. అక్కడ స్పాంజి లేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. కాటుక హాయిగా ఈదింది. కానీ కొన్నాళ్లకే, నీళ్లు తేటగా కనిపిస్తున్నా, మొప్పలు మండసాగాయి. ఊపిరందక పైకి తేలి నోరు తెరిచింది. కడుపులో పిల్లలు ఏమైపోతాయోనని బెంగపడింది.

అది గమనించిన ఇంటావిడ కొంత నీరు మార్చి, పాత స్పాంజిని రెండుగా కోసి, ఒక సగం తెచ్చి ఇక్కడ పెట్టింది.

"నాకోసం నిన్ను కోశారా మామా?" అంది కాటుక.

"పాత తొట్టిలో ఉన్న మిగతా చేపలకి ఆ సగం సరిపోతుందిలే. నువ్వు వదిలే మలినం కంటికి కనబడకుండా నీళ్లలో విషమవుతుందమ్మా. దాన్ని తినేసే సూక్ష్మజీవులు నా ఒంట్లోనే కాపురముంటాయి. వాటిని వెంటబెట్టుకొచ్చాను. కాస్త ఓపిక పట్టు" అంది స్పాంజి.

మెల్లగా మంట తగ్గింది. నలుసుల్లాంటి పిల్లలు పుట్టాయి. పుడుతూనే స్పాంజి మీద వాలి, దానికి పట్టిన నాచు కొరుక్కు తిన్నాయి.

"ఈయనెవరమ్మా?" అని అడిగాయి.

"మీరు పుట్టకముందే మీకు ఊపిరి పోసినాయన. దణ్ణం పెట్టండి" అంటూ కాటుక తనే ముందు తల వంచింది.