తారీఖు తెలియని గడి

ఫోన్ చేసినాయన పేరు యేసయ్య. మిర్యాలగూడ నుంచి చేశాడు.

"సార్, మీ సాఫ్ట్‌వేర్ తారీఖు ఎయ్యనిదే ముందుకు పోనిస్తలేదు," అన్నాడు.

సూర్యాపేటలోని ఆఫీసులో సురేందర్ కస్టమర్ల జాబితా తెరిచాడు. పన్నెండు పేర్లున్నాయి. పన్నెండు మందీ మిర్యాలగూడ వకీళ్లు. యేసయ్య పేరు లేదు.

ఆ సాఫ్ట్‌వేర్ పేరు 'వరుస'. ఒక కేసులో ఏది ఎప్పుడు జరిగిందో ఎక్కిస్తే, అన్నిటినీ కాలక్రమంలో ఒక గీత మీద పేర్చి చూపిస్తుంది. కేసంతా ఒక కాగితంలో కనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం వదిలి సురేందర్ రెండేళ్లు దాని మీద పనిచేశాడు.

జూన్‌లో పన్నెండు మందికీ ఉచితంగా ఇచ్చాడు. వాళ్లు ఆరు నెలలు ఆపకుండా వాడితే తామూ తీసుకుంటామని కోదాడ వకీళ్లు నలభై మంది చెప్పారు. నవంబర్ ఆఖరుకు ఆరు నెలలు నిండుతాయి. అది జరగకపోతే ఆఫీసు మూసి మళ్లీ ఉద్యోగానికి పోవాలి.

అందుకే ఒక నియమం పెట్టుకున్నాడు. కస్టమర్ అడిగింది వారంలో చేయాలి. కస్టమర్ కాని వారి మాటతో ఒక్క రోజు కూడా పోగొట్టుకోకూడదు.

"తారీఖు లేంది టైంలైన్ ఎట్లయితది?" అని అడిగాడు.

"ఇగ సూడుండ్రి సార్. మాడుగులపల్లి నర్సమ్మది భూమి కేసు. భాగాలు ఎప్పుడు పంచుకున్నరమ్మా అంటే, సాగర్ కాలువకు మొదటిపారి నీళ్లొచ్చిన యేడు అంటది. నెల తెల్వది, దినం తెల్వది. ఏం జెయ్యాలె? జనవరి ఒకటి ఏస్తున్న. మొన్న ఒక్క కేసుల మూడు పెండ్లిళ్లు, రెండు సావులు జనవరి ఒకటినే అయినయి."

పక్క కుర్చీలో రూప నవ్వింది. ఆ ఆఫీసులో సురేందర్ కాక పనిచేసేది ఆమె ఒక్కతే.

"అవతలి వకీలు గూడ గట్లనే నవ్వుతడు సార్. తారీఖు తెల్వదని ఒక గడి పెట్టుండ్రి. దేనికి ముందు, దేనికి యెనక అని సెప్తే సాలాలె. మా దిక్కు గట్లనే యాది పెట్టుకుంటరు."

"మీరు ఎవరి దగ్గర పనిచేస్తరు?"

"గీడ్నే సార్, కోర్టు కాడ."

చూస్తానని చెప్పి సురేందర్ ఫోన్ పెట్టేశాడు. చూడలేదు.

ఆ వారంలో యేసయ్య మరో నాలుగుసార్లు చేశాడు. సురేందర్ ఆ నంబరును 'యేసయ్య, కస్టమర్ కాదు' అని సేవ్ చేసుకున్నాడు.

"ఆయన చెప్పింది సక్కగనే ఉందన్నా," అంది రూప. "ఏ వకీలు దగ్గర్నో గుమస్తా అయి ఉంటడు."

"గుమస్తాకు అంత అవసరమైతే వకీలే అడుగుతడు. అడిగిననాడు చేద్దాం."

పది రోజులకు ఆ పన్నెండు మందిలో ఒక వకీలు నుంచి మెయిల్ వచ్చింది. శోభారాణి పేరుతో ఉంది. మిర్యాలగూడ కోర్టులో ఆమె సీనియర్. తారీఖు తెలియనప్పుడు ఎంచుకోవడానికి ఒక గడి కావాలని, ముందు వెనకలు చెబితే సరిపోవాలని అందులో రాసి ఉంది.

సురేందర్ మూడు రోజుల్లో ఆ గడి పెట్టాడు. శోభారాణికి కృతజ్ఞతలు రాశాడు.

తర్వాత మిగతా వాళ్ల మెయిళ్లు మొదలయ్యాయి. శశిధర్ అనే వకీలు, ప్రతి సంఘటన పక్కన రుజువు కాగితం నంబరు కనిపించాలన్నాడు. ఇంకొకరు, ఇద్దరు సాక్షులు రెండు తారీఖులు చెబితే రెండూ ఉండాలన్నారు. ప్రింటు కోర్టుకు ఇచ్చే కాగితం సైజులో రావాలన్నారు మరొకరు. సురేందర్ ఒక్కటీ వదలలేదు. అక్టోబర్ నాటికి 'వరుస' అతను మొదట రాసిన దానికంటే మెరుగైంది.

కోదాడ వెళ్లి, దీన్ని కస్టమర్లే తయారు చేస్తున్నారని చెప్పాడు.

"ఇంకో నెల చూద్దామండి," అన్నాడు అక్కడి వకీళ్ల సంఘం పెద్ద. "వాళ్లు ఆపకుండా ఉంటే మేం సిద్ధం."

నవంబర్ 10, సోమవారం యేసయ్య ఫోన్ చేశాడు. సురేందర్ ఎత్తలేదు.

పందొమ్మిదిన, కోదాడ వాళ్లకు చూపించడానికి పన్నెండు ఖాతాల వాడకాన్ని 'వరుస'లోనే ఎక్కించాడు. తెర మీద పన్నెండు గీతలు వచ్చాయి.

పన్నెండూ నవంబర్ 11 నుంచి ఆగిపోయాయి.

సర్వర్‌లో లోపం ఉందేమోనని ఇద్దరూ సాయంత్రం దాకా వెతికారు. లేదు. వకీళ్లకు ఫోన్ చేస్తే తర్వాత మాట్లాడతామన్నారు.

"మోజు తీరిందేమోనన్నా," అంది రూప.

"పన్నెండు మందికి ఒక్కటే దినం తీరదు. రేపు పోత. తప్పేందో తెలుసుకోనిదే తిరిగి రాను."

మర్నాడు మొదటి బస్సుకు మిర్యాలగూడ వెళ్లాడు. శోభారాణి ఇంటి ముందు గదిలో ఆమె బల్ల మీద గీతల కాగితం పరిచాడు.

"మేడం, పదకొండో తారీఖు మా సాఫ్ట్‌వేర్‌ల ఏం ఖరాబైంది?"

ఆమె ఆ కాగితాన్ని దగ్గరికి తీసుకుని చూసింది.

"ఏం ఖరాబు కాలే. గా దినం పొద్దుగాల మా టైపిస్టు చనిపోయిండు. గుండెనొప్పి. దవాఖానకు తీస్కపోయేసరికే ఖతం అయిపోయింది."

"అయ్యో," అన్నాడు సురేందర్. తర్వాత, కొత్తవారు ఎవరు వచ్చినా తానే కూర్చోబెట్టి నేర్పుతానన్నాడు. అప్పటిదాకా మేడం స్వయంగా వాడినా సరిపోతుందన్నాడు.

"నేనా? నేను ఎన్నడు తెర్వలే సార్. ఆయన చేసిస్తే కోర్టుల పెట్టేదాన్ని."

"తారీఖు గడి కోసం మెయిల్ పెట్టిండ్రు గదా?"

"పేరు నాది. రాత ఆయనది."

సురేందర్ కాగితం మీది మిగతా పదకొండు గీతల వైపు చూశాడు. ఒక్కొక్క దాని మీద వేలు పెట్టి, ఇది ఎవరు చేసేవారని అడగబోయాడు.

శోభారాణి అడగనివ్వలేదు.

"అన్ని ఆయనయే సార్," అంది. "'నేనడిగితే సేస్తలేరు, మీ పేరు మీద పంపుత' అని పన్నెండు మంది దగ్గరికి తిరిగిండు మా యేసయ్య."