పడవ కింద పిక్కలు

"నా పేరు..."

"పేరు తర్వాత తల్లీ. ముందు కాటా ఎక్కు," అంది వెర్నా.

కొత్తావిడ నవ్వుతూ ఎక్కింది. ముల్లు గిర్రున తిరిగింది.

వెర్నా కెటిల్ బే ఊరికి నర్సు, పడవ పందెం జట్టుకు కెప్టెను. చికాగో నుంచి ఇక్కడికొచ్చి మూడేళ్లు. మూడేళ్లూ సరస్సు అవతలి ఒడ్డు లూన్ పాయింటు వాళ్ల చేతిలో ఓటమే. ఓడిన ఊరి కెప్టెను గెలిచిన ఊరందరికీ పాన్‌కేకులు పోసిపెట్టాలి. మళ్లీ ఆ పెనం ముందు నిలబడటం కన్నా సరస్సులో దూకడం మేలనుకుంటోంది పాపం.

సరిగ్గా ఈ పొద్దునే పడవ మోసే కుర్రాడికి కాలు బెణికింది. అతని బదులు మోస్తానని వచ్చిందే ఈ కొత్తావిడ. పందెంలో చివరి అంచె అదే. పడవను బోర్లించి నెత్తిన పెట్టుకుని గుట్టెక్కి దిగాలి.

వెర్నా గోడ మీది ఎత్తు-బరువుల పట్టిక చూసింది.

"బీఎంఐ ముప్ఫై ఆరు! ఎర్రగీత దాటేశావు. గుట్ట మధ్యలో నీ గుండె ఆగితే నా మెడకు చుట్టుకుంటుంది."

"గుండె బాగానే ఉందండీ. కావాలంటే నాడి పట్టి చూడండి."

"పట్టిక చెప్పాక నాడి ఎందుకు? అదిగో, మోసేవాళ్లంటే అలా ఉండాలి!"

పట్టిక పక్కనే పాత ఫోటో ఉంది. వెనక నుంచి తీసింది. మనిషిని నడుం దాకా పడవ కప్పేసింది. కింద కనిపించేవి రెండు పిక్కలు, ఎడమ పిక్క మీద బాతు పచ్చబొట్టు.

"మన ఊరి టిల్లీ బర్గ్. ఇరవై ఏళ్లయినా ఆవిడ రికార్డు ఎవరూ కొట్టలేదు, తెలుసా?"

కొత్తావిడ కిసుక్కున నవ్వింది.

"నవ్వులాటగా ఉందా? పక్కకు జరుగు. కర్ట్, నువ్వు రా!"

జట్టులోని కర్ట్ సిగరెట్టు ఆర్పి, దగ్గుతూ కాటా ఎక్కాడు.

"ఇరవై రెండు! ఒళ్లంటే ఇదీ!" మురిసిపోయింది వెర్నా.

"అక్కా, నాకు మెట్లెక్కినా ఆయాసమే."

"అదంతా నీ అనుమానం. పట్టిక అబద్ధమాడదు బాబూ."

బయట లూన్ పాయింటు ముసలి కెప్టెను ఓలా నడుం పట్టుకుని మూలుగుతున్నాడు. బయటికొచ్చిన కొత్తావిడను ఆపాడు.

"ఏమ్మా, ఖాళీయేనా? మా పడవ మోసిపెడతావా? నా నడుం నా మాట వినట్లేదు."

పిలిచిన ఊరి తరఫున ఎవరైనా దిగొచ్చు, పందెం కట్టుబాటు అది. కొత్తావిడ ఒక్కసారి వెర్నా గుమ్మం కేసి చూసి, "సరే పదండి" అంది.

పందెంలో రెండు పడవలూ ఒకేసారి ఒడ్డు చేరాయి. ఊరు ఊరంతా ఈలలు, కేకలు. వెర్నా గుట్ట మలుపులో నీళ్ల సీసాతో నిలబడింది.

కర్ట్ మలుపు దాకా వచ్చాడు. పడవ దించేసి గడ్డిలో చతికిలబడ్డాడు.

"అక్కా... నీళ్లు... నీకో దండం, నీ పట్టికకో దండం."

"లే బాబూ, లే! నా పరువు తియ్యకు!"

అతను లేవలేదు. అంతలో కింద నుంచి ఎవరో కూనిరాగం తీస్తూ వస్తున్నారు. లూన్ పాయింటు పడవ! ఆయాసం లేదు, తొట్రుపాటు లేదు.

"పాన్‌కేకుల్లో వెన్న కాస్త ఎక్కువే వెయ్యండి నర్సమ్మా!" పడవ లోపల్నుంచి కొత్తావిడ గొంతు గలగలమంది.

ఒళ్లు మండి వెనక్కి తిరిగిన వెర్నాకు, నడుం దాకా దిగిన పడవ కింద, తడవకుండా మోకాళ్ల పైకి మడిచిన ప్యాంటు కింద, ఎడమ పిక్క మీద ఓ పాత బాతు హాయిగా గుట్టెక్కిపోతూ కనిపించింది.